రాజా దీన్ దయాళ్: వెలుగుకు, విషానికి నడుమ సాగిన ఛాయాచిత్ర జీవితం

భారతదేశంలో ఫొటో స్టూడియోల చరిత్ర చెప్పుకునేటప్పుడు మొదట వినవచ్చే పేర్లలో రాజా దీన్ దయాళ్ పేరు ఒకటి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఆయన తీసిన చిత్రాల్లో ఆనాటి హైదరాబాద్ ఇప్పటికీ సజీవంగా కనిపిస్తుంది. ఫలక్‌నుమా సౌధం, దర్బారులు, వేటలు, సైనిక విన్యాసాలు, కరువు సహాయక పనులు, నగల బరువుతో నిటారుగా నిలిచిన ప్రభువర్గీయులు, అన్నీ ఆ గాజు పలకల మీదికి ఎక్కాయి.

ఆయన కెమెరా చేతపట్టిన నాటికి ఫొటో తీయడం ప్రమాదంతో కూడిన వృత్తి. తెరముందు కుర్చీ, పూలకుండీ, ఇత్తడి కటకం ఉండేవి. తెరవెనుక చీకటి గదిలో ఇట్టే అంటుకునే ద్రవాలు, చర్మాన్ని నల్లబరిచే లవణాలు, చిటికెడుతో ప్రాణం తీయగల విషాలు ఉండేవి. స్టూడియోలో ఆరోగ్యం, భద్రత అనేవి ఈనాడు కొత్తగా పుట్టిన మాటలు కావు. అవి ఆ వృత్తితోపాటే పుట్టాయి. దీన్ దయాళ్ జీవితంలోని ప్రతి మలుపులోనూ వాటి జాడ కనిపిస్తుంది.

సర్ధానా నుంచి ఇందోర్ వరకు

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించారు. ఆయనది నగల వ్యాపారంలో ఉన్న జైన కుటుంబం. ఆయన మాత్రం ఆ దారిన వెళ్లలేదు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరి చదువుకున్నారు. నేటి ఐఐటీ రూర్కీకి మూలం ఆ కళాశాలే. 1866లో ఇందోర్‌లోని పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగంలో చేరారు. నిర్మాణాలకు అంచనాలు వేయడం, నకళ్లు గీయడం ఆయన పని.

కొలత తప్పితే గోడ నిలవదు, లెక్క తప్పితే వంతెన నిలవదు. అలాంటి ఉద్యోగంలో ఎనిమిదేళ్లు గడిచాక, 1874 ప్రాంతంలో ఆయన ఫొటోగ్రఫీ వైపు మళ్లారు. ఇందోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డాలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారత పర్యటనను చిత్రించే అవకాశం కూడా లభించింది. ఇంజనీరింగ్ కార్యాలయంలో అలవడిన కొలత, క్రమం ఈ కొత్త విద్యకూ అవసరమైనవే.

తడి పలక నాటి చీకటి గది

అప్పట్లో విస్తృతంగా వాడుకలో ఉన్నది తడి పలక పద్ధతి. 1851లో ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ దీన్ని ప్రకటించారు. నైట్రిక్ ఆమ్లంతో మార్పు చెందించిన దూదిని ఈథర్, ఆల్కహాల్‌లలో కరిగిస్తే కొలోడియన్ అనే చిక్కటి జిగురు ద్రవం వస్తుంది. దాన్ని గాజు పలక మీద పలుచగా పోసి, పలకను సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి. వెంటనే చీకటి గదికి తెచ్చి కడగాలి. ఇదంతా కొద్ది నిమిషాల్లో పూర్తికావాలి. పలక ఆరిపోతే శ్రమంతా వృథా.

ఈ తొందరే మొదటి ప్రమాదం. చీకట్లో, ఇరుకు గదిలో, నిండిన సీసాల మధ్య పరుగులు పెట్టవలసి వచ్చేది.

రెండో ప్రమాదం ఈథర్. అది సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. మాళవలోనైనా దక్కనులోనైనా వేసవి మధ్యాహ్నం గది వేడి ఆ హద్దును సులువుగా దాటుతుంది. మూత తీసిన సీసా నుంచి ఆవిరి గబగబా వెలువడుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కనుక పైకి పోదు. నేలను పట్టుకుని పాకుతుంది. గది మూలలో రంగుటద్దం వెనుక వెలిగే దీపం దాకా చేరితే చాలు, నిప్పు అదే దారిన తిరిగి సీసా దగ్గరికి వస్తుంది. కొలోడియన్‌కు ఆధారమైన దూది సాధారణమైన దూది కాదు. ఆరిన స్థితిలో అది మందుగుండులా భగ్గుమంటుంది. పైగా ఈథర్ ఆవిరి మత్తు కలిగిస్తుంది. కిటికీ లేని గదిలో గంటల తరబడి పనిచేసేవారికి తలనొప్పి, తూలుడు మామూలే.

మూడోది సిల్వర్ నైట్రేట్. అది తగిలిన వేళ్లు వెలుతురు సోకగానే నల్లబడతాయి. ఆ కాలపు ఫొటోగ్రాఫర్‌ను నల్లటి వేళ్లను చూసి పోల్చుకోవచ్చు. ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

అన్నింటికీ మించినది పొటాషియం సైనైడ్. బొమ్మ స్థిరపడేందుకు పలకను ఆ ద్రావణంతో కడిగేవారు. అదే పనికి హైపో అనే సురక్షితమైన లవణం అప్పటికే అందుబాటులో ఉన్నా, సైనైడ్ త్వరగా పనిచేస్తుందని, పలక శుభ్రంగా వస్తుందని చాలామంది దాన్నే వాడేవారు. అంతటితో ఆగలేదు. వేళ్లకు అంటిన నల్ల మచ్చలు పోవడానికి సైనైడ్ గడ్డతోనే చేతులు రుద్దుకునేవారు. గాజు అంచులు కోసుకున్న వేళ్ల గాయాల గుండా ఆ విషం రక్తంలోకి చేరేది. పలకను కడిగే రసాయనాల్లో ఆమ్లం ఉంటుంది. సైనైడ్‌తో ఆమ్లం కలిస్తే మృత్యువాయువు పుడుతుంది. నీళ్లనుకుని సైనైడ్ ద్రావణం తాగి చనిపోయినవారి వార్తలు ఆ కాలపు పత్రికల్లో వచ్చేవి. పక్కపక్కనే ఒకేలాంటి గ్లాసులు ఉండటమే అందుకు కారణం. సీసాకు పేరు చీటీ అతికించి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి.

పొడి పలకలు, దూర ప్రయాణాలు

1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఆంగ్ల వైద్యుడు జెలటిన్ పూత వేసిన పొడి పలక పద్ధతిని ప్రకటించారు. ఆయన దాని వైపు మొగ్గడానికి ఒక కారణం ఈథర్ ఆవిరి తన ఆరోగ్యాన్ని దెబ్బతీయడం. ఫొటోగ్రఫీ చరిత్రలో అతి పెద్ద మార్పుల్లో ఒకటి ఇలా ఆరోగ్య సమస్య నుంచి మొదలైంది. 1880లు వచ్చేసరికి తయారైన పొడి పలకలు పెట్టెల్లో అమ్మకానికి వచ్చాయి. ఫొటో తీసిన చోటే కడగాలన్న తొందర తీరింది. గుడారంలో ఈథర్ సీసాలు మోసుకెళ్లే అవసరం క్రమంగా తప్పింది.

1882-83లో దీన్ దయాళ్ సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించి గ్వాలియర్, ఓర్ఛా, దతియా, సాంచీ వంటి చోట్ల ప్రాచీన కట్టడాలను చిత్రించారు. 1886లో ఆ చిత్రాలు మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలపై గ్రంథంగా వెలువడ్డాయి.

రసాయనాల భయం తగ్గినా గాజు బరువు తగ్గలేదు. 12 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క పలక 400 గ్రాములకు చేరువగా తూగుతుంది. 100 పలకలంటే 40 కిలోలు. వాటికి తోడు కొయ్య కెమెరా, మూడుకాళ్ల స్టాండు, నీళ్లు, సీసాలు. కోట గోడల మీదికి, శిథిల స్తూపాల పక్కకు వీటిని మోసింది కూలీల భుజాలు. కాలు జారితే మనిషికీ దెబ్బే, పలకకూ దెబ్బే.

సికింద్రాబాద్‌లో స్టూడియో

1880ల మధ్యలో దీన్ దయాళ్ జీవితం మలుపు తిరిగింది. వైస్రాయ్ లార్డ్ డఫరిన్‌కు ఛాయాచిత్రకారుడిగా నియమితులయ్యారు. నిజాం ఆస్థానం ఆయనను చేరదీసింది. ప్రభుత్వోద్యోగాన్ని విడిచి పూర్తిగా ఈ వృత్తికే అంకితమయ్యారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు.

విద్యుద్దీపాలు లేని ఆ కాలంలో స్టూడియో అంటే వెలుతురును లోనికి పిలిచే ఇల్లు. ఉత్తర దిక్కున, పైకప్పులోనూ పెద్ద గాజు పలకలు అమర్చి, వెలుతురును తెల్లని, నీలి తెరలతో అదుపుచేసేవారు. యూరప్ చలిదేశాలకు పుట్టిన ఈ ఏర్పాటు దక్కను ఎండలో వేరే కథ. 40 డిగ్రీలు దాటే వేసవిలో గాజు కప్పు కింద పట్టుబట్టలు, జరీ, తలపాగా ధరించి కూర్చోవడం వృద్ధులకు, పిల్లలకు కఠిన పరీక్షే. అందుకే ఈ దేశంలో ఉదయపు వెలుతురుకు అంత విలువ. చీకటి గదిలోనూ వేడి సమస్యే. వెచ్చటి నీటిలో జెలటిన్ పూత మెత్తబడి పలక నుంచి ఊడిపోతుంది. పూత గట్టిపడేందుకు పటిక నీళ్లలో ముంచడం, చల్లటి రాత్రి వేళల్లో పలకలు కడగడం వేడిదేశాల ఫొటోగ్రాఫర్లకు అలవాటైంది.

కూర్చున్నవారు కదలకుండా ఉండటానికి తల వెనుక ఇనుప ఆసరా నిలిపేవారు. దాని పాదం బరువుగా ఉండేది. లేకపోతే కాలు తగిలి మనిషి మీదే పడుతుంది. పొడి పలకలు వచ్చాక ఫొటోకు పట్టే కాలం తగ్గి, ఆ ఆసరా అవసరం కూడా తగ్గింది. బొమ్మ ఎంత త్వరగా పడితే కూర్చున్నవారికి అంత సుఖం.

పొడి పలకల కాలంలో కొత్త విషాలు చేరాయి. పలకలను కడిగే పైరోగాలిక్ ఆమ్లం చర్మం గుండా ఒంట్లోకి చేరగలదు. పలుచగా వచ్చిన పలకను చిక్కబరచడానికి మెర్క్యురిక్ క్లోరైడ్ అనే పాదరస లవణం వాడేవారు. అది కడుపులోకి పోతే ప్రాణాంతకం. మూసిన గదిలో ఎర్ర అద్దం వెనుక దీపం మండుతూ ఉన్న గాలిని తినేసేది. ఈ గదిలో రోజంతా నిలబడినవారు సహాయకులు. చిత్రం అంచున దీన్ దయాళ్ సంస్థ పేరు ఉంటుంది. ఆ చేతుల పేర్లు ఎక్కడా ఉండవు.

పరదా చాటున జనానా స్టూడియో

1892లో దీన్ దయాళ్ హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పారు. దాని నిర్వహణను కెనీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఎత్తైన గోడల మధ్య, పురుషుల కంట పడకుండా, పరదా పాటించే కుటుంబాల స్త్రీలు అక్కడ ఫొటోలు తీయించుకోగలిగారు.

భద్రత అనే మాటకు ఇది మరో అర్థం. ఈథర్ వల్ల కాలే చేయి ఒక ప్రమాదమైతే, తన రూపం ఎవరి చేతుల్లో పడుతుందోనన్న భయం మరో ప్రమాదం. అపరిచితుల ముందు ముసుగు తీయవలసి రావడం ఆనాటి స్త్రీకి చిన్న విషయం కాదు. స్టూడియో గుమ్మం దగ్గరే ఆ భయం తీరకపోతే లోపల ఎన్ని దీపాలున్నా బొమ్మలో ముఖం విప్పారదు. గోడ ఎత్తు, లోపల పనిచేసే స్త్రీలు, వారి చేతిలో కెమెరా, ఇవన్నీ కలిసి ఆ స్త్రీలకు నమ్మకం కలిగించాయి. వ్యాపారపు లెక్కతోనే ఆయన ఆ స్టూడియో పెట్టి ఉండవచ్చు. అయినా కూర్చున్నవారి గౌరవం కూడా స్టూడియో ఏర్పాటులో భాగమేనని అది చూపింది.

మెరుపు పొడి తెచ్చిన కొత్త భయం

సికింద్రాబాద్ స్టూడియో తెరిచిన మరుసటి ఏడాది, 1887లో, జర్మనీలో అడాల్ఫ్ మీథే, యోహానెస్ గెడిక్ అనే ఇద్దరు మెగ్నీషియం పొడికి పొటాషియం క్లోరేట్ కలిపి మెరుపు పొడిని రూపొందించారు. సూర్యుడు లేకున్నా ఫొటో తీయవచ్చునన్న ఆశ లోకమంతా వ్యాపించింది. దాని వెంటే ప్రమాదాలూ వ్యాపించాయి. ఆ రెండు పొడులను కలిపి రోట్లో నూరితే, గట్టిగా కుదిపినా, నిప్పురవ్వ తగిలినా పేలుతుంది. వేళ్లు, కళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో. తెర గుడ్డలు, గోడ కాగితాలు అంటుకునేవి. ఒక్క మెరుపుతో గది నిండా తెల్లటి పొగ కమ్మి, ఊపిరి ఆడక అందరూ బయటకు పరుగెత్తేవారు.

అనుభవం నుంచి కొన్ని నియమాలు పుట్టాయి. రెండు పొడులను విడివిడిగా ఉంచాలి. వాడే ముందు మాత్రమే, వాడేంత మాత్రమే, కాగితం మీద ఈకతో మెల్లగా కలపాలి. పైన వేలాడే గుడ్డ ఉండకూడదు. తలుపు తెరిచి ఉండాలి. 1930 ప్రాంతంలో గాజు బుడ్డిలో మెరిసే ఫ్లాష్ బల్బులు వచ్చేదాకా ఈ పొడి భయం తీరలేదు.

బిరుదులు, బొంబాయి, చివరి ఏళ్లు

1894లో నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ రాజా బహదూర్ బిరుదు ఇచ్చి గౌరవించారు. విక్టోరియా రాణి నుంచీ నియామక పత్రం అందింది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు బహుమతి లభించింది. 1896లో బొంబాయిలో విశాలమైన స్టూడియో తెరిచారు. అదే ఏడాది ఆ నగరంలో ప్లేగు మొదలైంది. 1903 ఢిల్లీ దర్బారును కూడా ఆయన సంస్థ చిత్రించింది.

1904లో కుమారుడు ధరమ్ చంద్ మరణించారు. మరుసటి ఏడాది, 1905 జూలై 5న, దీన్ దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. మరో కుమారుడు జ్ఞాన్ చంద్ సంస్థను కొంతకాలం నడిపారు. అప్పటికే చేతిలో ఇమిడే కెమెరాలు, చుట్టగా చుట్టే ఫిల్ములు వచ్చాయి. పెద్ద స్టూడియోల వైభవం తగ్గుతూ వచ్చింది.

ఆయన గాజు పలకలు మాత్రం మిగిలాయి. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 పలకలను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్లను విడుదల చేసింది.

నేటి స్టూడియోకు మిగిలిన పాఠం

ఇప్పుడు విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా చిన్న గది అద్దెకు తీసుకుని స్టూడియో పెట్టేవారికి ఈథర్, సైనైడ్‌లతో పని లేదు. ప్రమాదాలు రూపం మార్చుకున్నాయి, అంతే.

ఆనాటి ఇనుప ఆసరా స్థానంలో ఈనాడు లైట్ స్టాండు ఉంది. పొడుగ్గా ఎత్తిన స్టాండు మీద బరువైన లైటు, దాని ముందు గాలిని పట్టే గొడుగు ఉంటాయి. కాళ్లు పూర్తిగా విప్పి, ఒక కాలు బరువు మొగ్గిన వైపుకే ఉండేలా నిలిపి, కాళ్ల మీద ఇసుక సంచి వేయాలి. తల మీద వేలాడే లైటుకు అదనంగా ఇనుప తీగ కట్టాలి. వైర్లను నడిచే దారికి అడ్డంగా వేయకూడదు. తప్పనిసరైతే నేలకు అంటించి టేపు వేయాలి. ఒకే ప్లగ్గు పాయింటుకు నాలుగు లైట్లు తగిలిస్తే వైరు వేడెక్కుతుంది. ఎర్త్ లేని రెండు కాళ్ల ప్లగ్గుతో ఇనుప స్టాండును నడపడం ప్రాణంతో ఆడుకోవడమే. ఫ్లాష్ లైటులోని కెపాసిటర్ ప్లగ్గు తీసేశాక కూడా కరెంటును దాచుకుంటుంది. దాన్ని ఇంట్లో విప్పి బాగుచేయాలని చూడకూడదు.

హాలొజెన్ దీపం ఆరిపోయాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. దాని దగ్గర గుడ్డ, కాగితం, థర్మోకోల్ ఉండరాదు. వెనుక తెర కోసం తలుపును మూసేయడం చాలా చోట్ల కనిపించే అలవాటు. నిప్పు అంటుకున్న రోజున ఆ తలుపే దారి. కరెంటు మంటలపై నీళ్లు పోయకూడదు. అందుకు తగిన పొడి మంటల సాధనం చేతికందే చోట ఉండాలి, దాన్ని వాడటం అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. పసిపిల్లల ఫొటో తీసేటప్పుడు బుట్ట, బల్ల పక్కన ఒక పెద్దవారి చేయి ఎప్పుడూ ఉండాలి. అలంకరణ కుంచెలు, తువ్వాళ్లు ఒకరివి మరొకరికి వాడకూడదు.

జనానా స్టూడియో నేర్పినదీ ఇప్పటికి వర్తిస్తుంది. బట్టలు మార్చుకునే గదికి లోపలి నుంచి గడియ ఉండాలి, అందులో కెమెరాగానీ ఫోన్‌గానీ ఉండకూడదు. తీసిన చిత్రాలు ఎవరి దగ్గర ఉంటాయో, ఎక్కడికి పంపుతారో ముందే చెప్పాలి. గోడల ఎత్తుతో ఆనాడు కలిగిన నమ్మకం ఈనాడు ఇలాంటి మాట నిలబెట్టుకోవడంతో కలుగుతుంది.

ఇక సహాయకుల సంగతి. స్టాండు మోసేది, వైరు లాగేది, నిచ్చెన ఎక్కి లైటు కట్టేది ఎక్కువగా కొత్తగా పనిలో చేరిన కుర్రవాళ్లే. పెళ్లిళ్ల కాలంలో రాత్రంతా మేలుకుని, తెల్లవారే నిచ్చెన ఎక్కేదీ వారే. నిద్రలేని చేయి తప్పు చేస్తుంది. వారికి విశ్రాంతి ఇవ్వడం, పని మొదలుపెట్టే ముందు ఏది బరువైనదో, ఏది వేడిదో, ఎటు దారి ఉందో ఒక్కసారి చెప్పడం యజమాని బాధ్యత. అందుకు ఐదు నిమిషాలు చాలు.

దీన్ దయాళ్ చిత్రాల్లో రాజులు, రాణులు, సౌధాలు కనిపిస్తాయి. ఆ గాజు పలకలను పగలకుండా మోసి, చీకటి గదిలో కడిగి, ఆరబెట్టి మన దాకా అందించినవారు కనిపించరు. ఆయన సంస్థకు కీర్తి తెచ్చిన ప్రతి పలక మీదా వారి వేళ్లు కూడా పనిచేశాయి. ఈనాటి స్టూడియోలో లైటు వెలిగించే ముందు ఆ వేళ్లు క్షేమంగా ఉన్నాయో లేదో చూసుకోవడం ఫొటో తీసే పనిలో మొదటి అంగం.